నిలబడే చోటు ఎవరిది?

ఇంగ్లండులో ఫుట్‌బాల్ చూడటమంటే వందేళ్ల పాటు ఎక్కువమందికి నిలబడి చూడటమే. మెట్లు మెట్లుగా కట్టిన గట్ల మీద, కుర్చీల్లేకుండా, వేలమంది ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ నిలబడేవారు. ఆ గట్లనే టెర్రస్‌లంటారు. 1994 నాటికి పై రెండు డివిజన్ల మైదానాల్లో వాటిని దాదాపుగా తీసేశారు. 2022లో మరో రూపంలో మళ్లీ అనుమతించారు. ఈ మధ్యకాలంలో నడిచిన వాదోపవాదాలు చదువుతుంటే నాకొక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. రెండు పక్షాలూ స్త్రీల పేరు చెప్పాయి. కుర్చీలు వేస్తే ఆడవాళ్లు, పిల్లలు ధైర్యంగా వస్తారని ఒకరన్నారు. కుర్చీలొచ్చాక ఆటలో వేడి చచ్చి అది కుటుంబ కాలక్షేపమైపోయిందని ఇంకొకరన్నారు. అప్పటికే అక్కడ నిలబడి ఉన్న స్త్రీలు మాత్రం ఇద్దరి మాటల్లోనూ లేరు.

నిజానికి వాళ్లు మొదటినుంచీ ఉన్నారు. స్త్రీలను టికెట్టు లేకుండా లోపలికి పంపే పద్ధతి ఒకప్పుడుండేది. 1885లో ఒక ఆటకు రెండువేల మంది దాకా స్త్రీలు రావడంతో ప్రెస్టన్ క్లబ్బు దాన్ని ఎత్తేసింది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో స్త్రీల జట్లు ఆడితే చూడటానికి 53 వేలమంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట స్త్రీలకు తగదని, తన సభ్య క్లబ్బుల మైదానాల్లో వాళ్లు ఆడకూడదని తీర్మానించింది. ఆ నిషేధం 1970 దాకా సాగింది. స్త్రీలు ఈ ఆటకు కొత్తగా దొరికిన వినియోగదారులన్న వాదన ఎంత బోలుదో పరిశోధకురాలు స్టేసీ పోప్ లెస్టర్ అభిమానులైన స్త్రీలతో మాట్లాడి చూపించారు.

అలాగని టెర్రస్‌ను స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆడవాళ్లకు సరైన మరుగుదొడ్లుండేవి కావు. గుంపులో తడిమే చేతులుండేవి. పొట్టిగా ఉన్నవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపించేవి. అయినా వెళ్లారు. ఆ వెళ్లడానికి చరిత్రలో చోటు దొరకలేదు.

టెర్రస్‌లు పోవడానికి కారణం 1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్‌ఏ కప్పు సెమీఫైనల్. టెర్రస్‌ను ఇనుప కంచెలతో బోనులుగా విభజించారు. బయట రద్దీ పెరగడంతో పోలీసు అధికారి ఒక పెద్ద గేటు తెరిపించాడు. అప్పటికే కిక్కిరిసిన మధ్య బోనుల్లోకి దారితీసే సొరంగాన్ని మాత్రం మూయించలేదు. పక్క బోనుల్లో చోటుంది. మధ్యలో ఉన్నవాళ్లకు ఊపిరి లేదు. 97 మంది చనిపోయారు, ఆఖరి మరణం 32 ఏళ్ల తర్వాత, 2021లో. మృతుల్లో ఏడుగురు స్త్రీలు, ఆడపిల్లలు. వారిలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు.

ఆ తర్వాత మొదలైంది అసలు కథనం. తాగుబోతులు గేటు విరగ్గొట్టారన్నారు. పసిపిల్లలతో సహా మృతులందరి రక్తంలోనూ మద్యం ఉందేమోనని పరీక్షించారు. మధ్యాహ్నం 3.15 తర్వాత ఏం జరిగిందో చూడనక్కర్లేదని కరోనర్ నిర్ణయించాడు. పదిహేనేళ్ల కొడుకును పోగొట్టుకున్న ఆన్ విలియమ్స్ ఆ గీతను ఒప్పుకోలేదు. సాక్షులను వెతికి పట్టుకుంది. నాలుగు గంటలప్పుడు కుర్రాడు 'అమ్మా' అన్నాడని ఒక మహిళా స్పెషల్ కానిస్టేబుల్ చెప్పిన వాంగ్మూలాన్ని పట్టుకుని ఇరవయ్యేళ్లకు పైగా పోరాడింది. 2012లో స్వతంత్ర ప్యానెల్ నివేదిక వచ్చింది. 164 పోలీసు వాంగ్మూలాలను మార్చారని, సరైన వైద్యం అంది ఉంటే 41 మంది బతికే అవకాశం ఉండేదని అది తేల్చింది. పాత తీర్పులు ఆ డిసెంబరులో రద్దయ్యాయి. ఆన్ విలియమ్స్ 2013 ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో చనిపోయింది. అది చట్టవిరుద్ధ హత్యేననీ, అభిమానుల తప్పు లేదనీ 2016లో జ్యూరీ చెప్పింది. ఆ మాట వినడానికి ఆమె లేదు.

దుర్ఘటనపై విచారణ జరిపిన జస్టిస్ టేలర్ 1990లోనే, నిలబడటం దానంతటదే ప్రమాదకరం కాదని రాశాడు. అయినా కుర్చీలే మేలన్నాడు. కుర్చీలైతే ధర పెరుగుతుందన్న భయం అక్కర్లేదంటూ, గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో నిలబడితే 4 పౌండ్లు, కూర్చుంటే 6 అని ఉదాహరణ కూడా ఇచ్చాడు. తర్వాతి ఏళ్లలో టికెట్లు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం అని వేసిన కుర్చీ, తక్కువ జీతంతో ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకు రావాల్సిన తల్లికి అందకుండా పోయింది.

ఇప్పుడు తిరిగొచ్చినది పాత టెర్రస్ కాదు. వరసకో నడుమెత్తు ఇనుప కమ్మీ, మడిచిపెట్టే కుర్చీ, మనిషికొక చోటు. వెనకనుంచి తోపు వస్తే కమ్మీ ఆపుతుంది. గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బు 2016లో మొదలుపెట్టింది. ఇంగ్లండులో 2022 జనవరిలో ప్రయోగాత్మకంగా అనుమతించారు. అంతకుముందు 2017లో లివర్‌పూల్ అభిమానుల సంఘం ఓటింగు పెడితే అత్యధికులు దీనికి సరేనన్నారు. కానీ పద్దెనిమిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న మార్గరెట్ ఆస్పినాల్ లాంటి తల్లులు ఏళ్ల తరబడి వద్దనే అన్నారు.

ఆ 'వద్దు'ను కన్నతల్లి ఉద్వేగమని పక్కన పెట్టడం తేలిక. నేనలా చదవలేను. వేలకొద్దీ పేజీల అధికారిక పత్రాలను ఆ స్త్రీలు అక్షరం అక్షరం చదివారు. 1989లోనూ ఆ మైదానానికి భద్రతా పత్రం ఉండేదనీ, అది పాతబడిపోయినా ఎవరూ పట్టించుకోలేదనీ వాళ్లకు తెలుసు. వాళ్లు అనుమానించింది కమ్మీని కాదు, 'ఇది సురక్షితం' అని చెప్పే నోటిని.

ఇది తెలుగులో రాస్తుంటే నాకు అడ్డొచ్చిన మాట తొక్కిసలాట. పత్రికల్లో మనకున్నది ఆ ఒక్క మాటే. అది వినగానే జనం ఒకరినొకరు తొక్కుకున్న దృశ్యం కళ్లముందుకొస్తుంది. హిల్స్‌బరోలో చాలామంది నిలబడే, ఊపిరాడక చనిపోయారు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటిరోజు రాజమండ్రి ఘాట్‌లో ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు. ఆ వార్తలకూ ఇదే మాట వాడాం. గేటు ఎవరు మూశారు, ఎప్పుడు తెరిచారు అన్న ప్రశ్నను ఆ మాట మింగేస్తుంది. తప్పు చచ్చిపోయినవాళ్ల కాళ్ల మీదకు పోతుంది.

నిలబడే చోటు తిరిగి రావడం మంచిదేనని నా అభిప్రాయం. అయితే కమ్మీ ఎవరి ఎత్తుకు సరిపోతుంది, ఆ వరసలో చెయ్యి వేసిన వాడి మీద ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు, టికెట్టు ఎంత అన్నవి కూడా భద్రతకు సంబంధించిన ప్రశ్నలే. వాటన్నిటికంటే ముందు, ప్రమాదం జరిగిన మర్నాడు అధికారులు నిజం చెబుతారా అన్న ప్రశ్న ఉంది. ప్రభుత్వోద్యోగులు నిజం చెప్పి తీరాలనే బిల్లు, అందరూ హిల్స్‌బరో చట్టం అని పిలుస్తున్నది, బ్రిటిష్ పార్లమెంటు ముందుకు 2025 సెప్టెంబరులో వచ్చింది. దుర్ఘటన జరిగి అప్పటికి 36 ఏళ్లు. దానికోసం పట్టుబట్టినవాళ్లలో కొడుకుల్నీ, కూతుళ్లనూ పోగొట్టుకున్న తల్లులు ముందు వరసలో ఉన్నారు. ఆట గురించి రాసే చరిత్రల్లో వాళ్ల పేర్లు కన్నీళ్ల అధ్యాయంలో కాక, చట్టం ఎలా వచ్చిందో చెప్పే అధ్యాయంలో ఉండాలి.