ఆక్రాంత రోమునగరమున ఎదిగిన తరము

బాల్యమునుండి యౌవనమునకు ఎక్కు మెట్లను కుటుంబము, దేవాలయము, పాఠశాల తమలో తాము పంచుకొని నిర్మించుట లోకమున పరిపాటి. ఇటలీదేశమున ఆ యధికారమును 1926లో ఫాసిస్టు రాజ్యమే హస్తగతము చేసికొనెను. ఆ యేట స్థాపితమైన బలిల్లా సంస్థయందు ఎనిమిదవ యేట ప్రవేశించిన బాలుడు, నల్లచొక్కా తొడిగి, మెడకు నీలిరుమాలు చుట్టి, పిల్లల కొలతకు తగ్గించి చేసిన తుపాకిని భుజమున నిడుకొని కవాతు సలుపుచు, పదునాలుగవ యేట పైతరగతికి, పదునెనిమిదవ యేట యువజనదళమునకు, అచ్చటినుండి సైన్యమునకు క్రమముగా చేరవలసియుండెను. బాలికలకును వేఱొక నిచ్చెన కలదు గాని, అది వ్యాయామము, కుట్టుపని దాటి గృహిణీపదముతో ముగియునట్టిది. ఇందొక చిత్రము గలదు. 1746లో జెనోవా నగరమును ఆక్రమించియుండిన ఆస్ట్రియా సైనికులపై తొలిరాయి రువ్వెనని ప్రతీతిగాంచిన బాలుని ముద్దుపేరే బలిల్లా. పరసేనపై రాయి విసరిన పిల్లవానిని పదునేడేండ్లపాటు పిల్లలచే పూజింపజేసిన పాలకులే, తుదకు పరసేన యండ లేక నిలువజాలని స్థితికి వచ్చిరి.

నిచ్చెన ఒక్కనాడు విఱిగినది కాదు. 1938 నాటి జాతిశాసనములతో యూదుల పిల్లలు ప్రభుత్వపాఠశాలలనుండి బహిష్కృతులైరి. నిన్నటివఱకు ఒకే బల్లపై కూర్చుండిన సహాధ్యాయి చోటు ఖాళీయగుట చూచియు నోరు మెదపకుండుటయే తక్కిన పిల్లలలో పెక్కుమంది నేర్చిన తొలిపాఠము. 1943 జూలై 19న మిత్రరాజ్యముల విమానములు రోమునందలి సాన్ లొరెంజో కార్మికవాటికపై బాంబులు కురిపించెను. ఆఱుదినములకు ఫాసిస్టు ఏలిక ముస్సోలినీ పదచ్యుతుడయ్యెను. సెప్టెంబరు 8న మిత్రరాజ్యములతో యుద్ధవిరామము ప్రకటితము కాగా, మఱునాటి వేకువనే రాజును ప్రధానియు రాజధానిని విడిచి పలాయనము చిత్తగించిరి. ఏలికలేని సైన్యపు తునుకలతో పౌరులు కలిసి, 10వ తేదీని పోర్తా సాన్ పావొలో ద్వారమువద్ద జర్మనులను ఎదుర్కొని ఓడిరి. అచ్చట నేలకొరిగినవారిలో విస్కొంతి ఉన్నతపాఠశాలయందు కళాచరిత్ర బోధించుచుండిన రఫాయెలె పెర్సికెత్తి యొకడు.

అటుపిమ్మటి తొమ్మిది నెలల జర్మను ఆక్రమణలో వయఃక్రమమే తలక్రిందులయ్యెను. నా దృష్టిలో ఈ చరిత్రకంతకును కీలకమిదియే. పాతనిచ్చెనపై అగ్రమున నిలువవలసిన పందొమ్మిదేండ్ల యువకుడు వీధిమొగము చూడజాలకపోయెను. ఉత్తరమున ముస్సోలినీ పేర నెలకొన్న క్రొత్తప్రభుత్వము 1923, 1924, 1925 సంవత్సరములలో పుట్టినవారిని సైన్యమునకు పిలిచి, రానివారికి మరణదండనయని 1944 ఫిబ్రవరి 18న శాసించెను. జర్మనులు వెట్టిచాకిరికై మగవారిని వీధులలోనే పట్టుకొనిపోవుచు, ఏప్రిల్ 17న క్వాద్రారో పేటను చుట్టుముట్టి, 16 మొదలు 55 ఏండ్ల వఱకు గల పురుషులను వందలకొలదిగ తరలించిరి. కావున అన్న అటకమీదనో, మఠపు నేలమాళిగలోనో దాగియుండగా, తెల్లవాఱకమునుపే రొట్టెచీట్లతో బారులు తీఱుటయు, నీరు మోయుటయు, కబురు చేరవేయుటయు పండ్రెండేండ్ల తమ్మునికిని, పదునాఱేండ్ల చెల్లెలికిని దక్కెను. ఆ రొట్టెయైనను మార్చి చివరకు దినమునకు తలకు 100 గ్రాములకు దిగజారెను.

ప్రతిఘటనదళములవారు సైకిళ్లపై వచ్చి దాడిచేసి మాయమగుచున్నారని జర్మనులు సైకిలును నిషేధింపగా, రోమీయులు దానికి మూడవచక్రము తగిలించి, ఇది సైకిలు కాదని దబాయించి త్రొక్కిరి. శాసనమును అక్షరశః పాటించుచునే దాని ప్రాణము తీయు విద్యలో ఆ నగరవాసులకు రెండువేల యేండ్ల అభ్యాసము గలదు. ఎటు పడవేసినను ఒక మొన పైకి నిలుచు నాలుగుమొనల మేకులను, ఆంజియో, కస్సీనో యుద్ధరంగములకు పోవు జర్మను లారీల దారిలో రాత్రులందు వెదజల్లుచుండిరి. కూరగాయల సంచితో పోవు ఆడుపిల్లపై కావలివానికి అంతగా అనుమానము పుట్టదు. ప్రతిఘటనదళములు కబుర్లకును, సరకులకును ఆమెనే ఎన్నుకొనుటకు ప్రధానహేతువిది.

ఈ చురుకుదనమును తలచి మురియనీయని తేదీ 1943 అక్టోబరు 16. అంతకు మూడువారములకు ముందు యూదసమాజమునుండి 50 కిలోల బంగారము రాబట్టి, ఇక భయములేదని నమ్మించిన నాజీ అధికారులు, ఆ శనివారము వేకువ ఇల్లిల్లు గాలించి 1,259 మందిని పట్టుకొనిరి. అందు పిల్లలు 200కు పైబడిరి. రెండుదినముల పిమ్మట తిబుర్తీనా స్టేషనునుండి వెయ్యిమందికి పైగా ఆష్విట్జ్ శిబిరమునకు తరలింపబడిరి. తిరిగివచ్చినవారు 16 మంది. పిల్లలలో ఒక్కరును రాలేదు.

ఆయుధము పట్టినవారును ముదిమి యెఱిగినవారు కారు. 1944 మార్చి 23న వీయా రాసెల్లా అను ఇఱుకుదారిలో, వీధులూడ్చువాని వేషమున చెత్తబండి నిలిపియుంచిన రొసారియో బెంతివేన్యా, 21 ఏండ్ల వైద్యవిద్యార్థి. పొగపైపు నిప్పుతో బండిలోని 18 కిలోల ప్రేలుడుపదార్థపు వత్తిని అంటించి అతడు ఎగువకు నడువగా, అచ్చట వానకోటు చేతబట్టి వేచియున్న 25 ఏండ్ల కార్లా కప్పోనీ దానిని అతనికి కప్పెను. జర్మను దళమునకు చెందిన 33 మంది సైనికులు మరణించిరి. అందుకు ప్రతీకారముగా మఱునాడు నాజీలు అర్దెయాతీనే గుహలలో 335 మందిని కాల్చిచంపిరి. హతులలో తండ్రితోపాటు 15 ఏండ్ల బాలుడొకడు గలడు. ఆ దాడి తగునా తగదా యను వాదము ఇటలీలో నేటికిని ఆఱలేదు. గుహలలోని నెత్తురు కాల్చినవారి చేతిదేయని నా తలంపు. అయినను ఆ వైద్యవిద్యార్థి తన దీర్ఘజీవితమంతయు ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుకొనుచునే యుండవలసివచ్చెను.

జూన్ 4న మిత్రసేనలు నగరము ప్రవేశించెను. మఱునాడు, వెనుకకు మరలుచున్న జర్మనులు అనియెనె నదిపై రైలువంతెనను ప్రేల్చకుండ అడ్డుపడి, పండ్రెండేండ్ల ఊగో ఫోర్నో ప్రాణము విడిచెను. ప్రభుత్వమునకు అతనికి స్వర్ణపతకమీయవలెనని తోచుటకు అర్ధశతాబ్దము చాలలేదు.

కళలు త్వరపడినవి. 1945లో రోస్సెల్లీని తీసిన ‘రోమా చిత్తా అపెర్తా’ చలనచిత్రము, 1944 మార్చి 3న భర్తను చూడబోయి తుపాకిగుండుకు బలియైన తెరేసా గుల్లాచె యుదంతమును చేర్చుకొని, పిల్లలను మాత్రము చిన్నవీరులనుగా చూపెను. మఱుసటియేట దె సీకా తీసిన ‘షూషా’లో వారు బూట్లు తుడుచుచు, దొంగసరకు మోసి చెఱసాల పాలగుదురు. నా దృష్టిలో ఇది సత్యమునకు దగ్గఱ. 1974లో ఎల్సా మొరాంతె తన నవల ‘లా స్తోరియా’లో, నీనో యను ఒక్క యువకునినే నల్లచొక్కావానిగను, తిరుగుబాటుదారుగను, దొంగవ్యాపారిగను వరుసగా నిలిపి, ఆ రెండు చిత్రములను ఒకే దేహమున ఇమిడ్చెను.

1946 జూన్ 2న రాజరికమా, గణరాజ్యమా యని దేశము ఓటు వేయునాడు స్త్రీలును బారులు తీఱిరి. కప్పోనీ 1953లో పార్లమెంటు సభ్యురాలయ్యెను. కాని ఓటునకు 21 ఏండ్లు నిండవలెను. యుద్ధమునకు రానిచో చంపుదుమని బెదరింపబడిన 1925 నాటివారిలో జూన్ 2 పిమ్మట పుట్టినవారికే ఆనాడు ఓటు లేదు. 1944లో పదునాఱేండ్లతో కూరగాయల క్రింద మేకులు మోసిన పిల్ల మాట చెప్పనక్కఱలేదు. పదునెనిమిదేండ్లకే ఓటుహక్కు 1975లో వచ్చెను. అప్పటికి ఆమెకు 47 ఏండ్లు. ఆ హక్కు ఆమె బిడ్డల యీడువారికి దక్కినది.