పుట్టినగడ్డకు తిరుగుప్రయాణము

మంగోలియా దేశపు బయళ్లలో ఒక అడవిగుఱ్ఱపు జాతి కలదు. అక్కడివారు దానిని ‘తాఖీ’ యందురు. పొట్టి కాళ్లు, ఇసుకవన్నె దేహము, నిక్కబొడుచుకొన్న జూలు దాని గుఱుతులు. రష్యా యాత్రికుడు ప్రజెవాల్‌స్కీ పేరు మీద 1881లో శాస్త్రజ్ఞులు దానికి నామకరణము చేసిరి. పేరు పెట్టిన పిమ్మట వేట మొదలైనది. 1901లో జర్మనీలోని హాంబర్గు నగరమునకు చెందిన జంతువర్తకుడు కార్ల్ హాగెన్‌బెక్ 28 గుఱ్ఱపు పిల్లలను పట్టి తెప్పించెను. అవి ఐరోపా, అమెరికాలలోని ప్రదర్శనశాలలకు చేరినవి. స్వదేశమున మిగిలినవి నానాటికి క్షీణించినవి. 1969 తరువాత ఆ బయళ్లలో తాఖీ ఎవరి కంటను పడలేదు.

జాతి నశించినదని తలచిన వేళ, బోనులలో మిగిలిన గుఱ్ఱములే దానికి దిక్కైనవి. నేటి తాఖీలన్నియు పట్టుమని పదిహేను లేని మూలపురుషుల సంతానమే. ఏ గుఱ్ఱము ఎవరి బిడ్డయో, దేనిని దేనితో జతపరుపవలెనో వంశావళి వ్రాసి, దగ్గర చుట్టరికములు తప్పించుచు వాటిని పెంచిరి. 1992లో కొన్నింటిని మంగోలియాకు తీసికొని వచ్చిరి. వచ్చినవానిని వెంటనే బయళ్లకు తోలలేదు. కంచె వేసిన మైదానములలో ఉంచి, అచటి గడ్డికి, చలికి, తోడేళ్ల భయమునకు అలవాటు పడనిచ్చి, అటుపిమ్మట విడిచిరి. 2024లో కజకిస్తానునకు కూడ ఏడు గుఱ్ఱములు ఇట్లే తిరిగి వెళ్లినవి.

దూరదేశపు గుఱ్ఱముల గాథ కృష్ణాతీరమున ఉన్న మనకేల అని అడుగవచ్చును. తాఖీ పిల్లలు ఏ హాంబర్గు నగరమున దిగినవో, అంతకు ఇరువది మూడేండ్లకు ముందే ఆ నగరపు జంతు ప్రదర్శనశాలలో మన సీమ పశువుల జత ఒకటి నిలిచియుండెను. అవి ఒంగోలు జాతివి. 1878లో బ్రెజిలు దేశపు పశుపోషకుడు మాన్యుయెల్ లెంగ్రూబర్ వాటిని చూచి, మెచ్చి, కొనిపోయెను. అంతకు పదేండ్లకు పూర్వము, 1868లో, ఇంగ్లండుకు పోవుచున్న ఓడ ఒకటి బ్రెజిలులోని బహియా రేవున ఆగినప్పుడు మరియొక జత అచట అమ్ముడుపోయినది. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. కనుక ఆ దేశమున మన పశువునకు ‘నెలోర్’ అను పేరే స్థిరపడినది.

అటుపిమ్మటి చరిత్ర ఆశ్చర్యకరమైనది. బ్రెజిలువారు 1938లో ఈ జాతికి వంశావళి గ్రంథము తెరచిరి. 1960 దశాబ్ది ఆరంభమున మరల మన ప్రాంతమునకు వచ్చి, మేలైన ఆంబోతులను ఎంచి, ఫెర్నాండో ద నొరోన్యా దీవిలో రోగపరీక్షలకై ఉంచి, పిదప తమ నేలకు చేర్చుకొనిరి. వానిలో సుప్రసిద్ధమైన ఆంబోతు పేరు ‘కరవది’. అది ఒంగోలు చెంతనున్న ఒక పల్లె పేరు. ‘గోదావరి’ యను పేరుగలది మరియొకటి. చేకూరపాడు గ్రామనామముతో ఇంకొకటి. నేడు బ్రెజిలులో ఇరువది కోట్లకు మించి పశువులున్నవి. అందు నూటికి సుమారు 80 వంతులలో నెలోర్ రక్తమే ప్రవహించుచున్నది. 2023లో అచటి నెలోర్ ఆవు ఒకటి నలుబది లక్షల డాలర్లకు పైబడిన వెల కట్టబడి లోకమునెల్ల విస్మయపరచినది. జావా, సుంబా దీవులలోను, అమెరికాలోని ‘బ్రహ్మన్’ జాతిలోను మన పశువు సంతానము కలదు.

సముద్రములు దాటి ఇంతగా వర్ధిల్లిన జాతి ఇంటివద్ద ఏల కుంగినది? దీనికి సమాధానము కావలెనన్న, ఇంటివద్ద అది ఏ కారణమున పుట్టినదో ముందు తెలియవలెను.

గుండ్లకమ్మ మొదలు కృష్ణ వఱకు గల నల్లరేగడి ఈ జాతికి జన్మస్థానము. సున్నపుపాలు గల నేల, అందు పండెడి జొన్న, ఆ జొన్నచొప్ప. ఎముక పుష్టికి ఇవి చాలినవి. మెట్టరైతు తన ఇంటనే కోడెను పెంచి, చొప్ప నఱికి వేసి, ఉలవలు ఉడికించి పెట్టి, బిడ్డవలె సాకెడివాడు. గరిసెలో గింజలు ఎన్ని ఉన్నవను ప్రశ్నకు ముందు, కొట్టములో ఎడ్లజత ఎట్టిదని అడిగి పిల్లనిచ్చిన రోజులవి. తెల్లని మేను, ఎత్తైన మూపురము, జీరాడు గంగడోలు, కాటుక దిద్దినట్టి కన్నులు గల ఆ జత బరువైన నాగలి లాగి, బండి తోలి, ఎండకు వెఱవక నిలిచినది.

రైతు పోషణ ఒక్కటియే కాదు, ఊరి ధర్మము కూడ ఈ జాతిని నిలిపినది. ఇంటి పెద్ద గతించినప్పుడు మేలైన కోడెదూడను ఎంచి, దానిపై ముద్ర వేసి, దేవుని పేర విడిచెడివారు. శాస్త్రము దీనిని వృషోత్సర్గమన్నది. ఆ ఆంబోతు ఏ చేనిలో మేసినను ఎవ్వరు అదలింపరు. ఊరి ఆవులకన్నింటికి అదియే జనకుడు. ‘అచ్చోసిన ఆంబోతు’ అని నేడు మనము పనిపాటలు లేక తిరుగువానిని తిట్టుచున్నాము. ఆ తిట్టు వెనుక ఊరంతయు కలిసి మేపిన ఒక ప్రజాసంస్థ దాగియున్నది. ఉత్తమమైనదానినే విడువవలెనను నియమము వలన, ఏ ప్రభుత్వశాఖయు లేని కాలమున, వందల యేండ్లు ఎంపిక సాగినది.

ఈ ఏర్పాటు ఒక్కనాడు కూలలేదు. 1852 నుండి 1855 వఱకు విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. కాలువలు పాఱినవి. కఱవుసీమ అన్నపూర్ణ యైనది. దానిని తక్కువ చేసి పలుకుట కృతఘ్నత. అయినను మాగాణి పెరిగినకొలది బీళ్లు తగ్గినవి. జొన్నచొప్పకు బదులు వరిగడ్డి వచ్చినది. బురదనేలకు దున్నపోతు, పాడికి గేదె అనుకూలమైనవి. మెట్టలో జొన్న చోట పొగాకు, ప్రత్తి, మిరప నిలిచినవి. వానివలన రొక్కము వచ్చును గాని చొప్ప రాదు. పిదప ట్రాక్టరు వచ్చి ఎద్దు పనిని తీసికొన్నది. పాలకై జెర్సీ, హోల్‌స్టీన్ జాతుల సంకరము వ్యాపించినది. సముద్రతీర మండలములలో చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు పచ్చికను మ్రింగినవి. ముద్ర వేసి ఆంబోతును విడుచువారు అరుదైరి. విడిచినను, దానిని మేయనిచ్చు చేను లేదు.

ఇచట గుఱ్ఱమునకును ఎద్దునకును గల భేదము గమనింపదగినది. తాఖీకి కావలసినది గడ్డి, నీరు, వేటగాని బెడద లేకుండుట. బయలు మిగిలియున్నది కనుక, గుఱ్ఱమును తెచ్చి విడువగా అది బ్రతికినది. ఒంగోలు పశువునకు అడవి స్వస్థానము కాదు. రైతు కొట్టమే దాని స్వస్థానము. ఆ కొట్టము చెదరినప్పుడు, జాతిని ఎక్కడికి తిరిగి తెత్తుము?

బ్రెజిలు నుండి మేలైన వీర్యమును, పిండములను దిగుమతి చేసికొనవచ్చునను ఆలోచన అప్పుడప్పుడు వినబడుచుండును. ఇది కొట్టివేయదగినది కాదు. కాని అచటివారు నూఱేండ్లకు పైగా మాంసమునకై ఎంపిక చేసిరి. మూపు బలము, నడక, నాగలి కింద ఓర్పు వారి లెక్కలోనివి కావు. పైగా అచటి మందలు కొద్దిపాటి ఆంబోతుల నుండి విస్తరించినవి. కరవది ఒక్కదాని సంతతియే లెక్కకు మిక్కిలి. గుఱ్ఱముల విషయమున ఏ దగ్గర చుట్టరికమును గూర్చి పెంపకందార్లు భయపడిరో ఆ భయము ఇచటను కలదు. పోయినది ఒకటి, తిరిగి రాగలది మరియొకటి. ఆ జాతి యొక్క పూర్తి వైవిధ్యము ఇంకను మిగిలియున్నచో, అది ప్రకాశము, గుంటూరు, నెల్లూరు పల్లెల కొట్టములలోనే. కావున ఇచటి మంద క్షీణించిన, నష్టపడునది మనము మాత్రమే కాదు. కోట్ల కొలది సంతానము గల జాతికి మూలధనమే పోవును.

ప్రయత్నములు లేకపోలేదు. గుంటూరు చెంత లాం ఫారములోని పరిశోధన కేంద్రము చిరకాలముగా ఒంగోలు మందను కాపాడుచు, పిండమార్పిడి పద్ధతిలో మేలైన ఆవుల సంతతిని పెంచుటకు కృషి చేయుచున్నది. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ క్రింద నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను కేంద్రమును నెలకొల్పిరి. 2002లో హైదరాబాదున జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తయే చిహ్నమైనది. తిరునాళ్లలోను సంక్రాంతికిని సాగెడి బండలాగుడు పందెములే నేడు అనేకులైన రైతులు కోడెలను మేపుటకు కారణము. పందెపు గిత్త ఒక కోరిక. ఆవును నిలుపుకొనుట ఒక ఖర్చు. కోరిక కొన్ని గిత్తలను పోషింపగలదు గాని, ఆవులు లేక గిత్తలు ఎక్కడనుండి వచ్చును?

చిహ్నములు, పందెములు, ప్రయోగశాలలు మంచివే. కాని తాఖీ నేర్పిన పాఠము వేఱు. తిరిగి వచ్చు జీవికి ముందుగా ఇల్లు సిద్ధము చేయవలెను. మన పశువునకు ఇల్లన్న మెట్టలో కొంత జొన్న, ఊరిలో కొంత బీడు, ఒంగోలు ఆవును పాల కొలతతోనే తూచక దాని కోడెకు తగిన వెల ఇచ్చు అంగడి, పూర్వపు ఆంబోతు వలె ఊరంతటికి ఉమ్మడిగా ఒక మేలైన జనకుడు. ఇవన్నియు మన తాతలు ఏ శాసనమును లేకయే నడపినవి. పందెపు గిత్త వీధిని పోవునప్పుడు మనము నిలిచి చూతుము. దాని తల్లి ఏ కొట్టమున, ఏ మేత తిని ఉన్నదో విచారించిననాడు తిరుగుప్రయాణము మొదలైనట్లు.