ఐడ్లింగ్ తేడా వస్తే స్క్రూ తిప్పొద్దు

భద్రాచలం నుంచి కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిలో అడవి దారే ఎక్కువ. అక్కడి ఘాట్‌లో క్లచ్ నొక్కగానే ఇంజన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేక్ బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది. అందుకే ఐడ్లింగ్ తేడాను బయలుదేరే ముందే చూసుకోవాలి.

జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుకు వెళ్తే ఐడ్లింగ్ మార్చాలన్నది కార్బ్యురేటర్ కాలం మాట. ఇంజెక్షన్ ఇంజన్‌లో సెన్సర్లు చెప్పేదాన్ని బట్టి ఈసీయూయే గాలి, పెట్రోలు సరిచూసుకుంటుంది. థ్రాటిల్ బాడీపై కనిపించే స్టాప్ స్క్రూ ఫ్యాక్టరీలో అమర్చి పెట్టింది. దాన్ని తిప్పితే యాక్సిలరేటర్ తొక్కినట్టు ఈసీయూ పొరబడవచ్చు. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ, లైట్లు ఆపి ఆర్‌పీఎం చూడండి. చాలా పెట్రోలు కార్లలో 650 నుంచి 850 మధ్య నిలకడగా ఉంటుంది. ఏసీ వేస్తే కాస్త పెరగడం మామూలే. తేడా ఉంటే ముందు స్కానర్ పెట్టించండి. పీ0506 అంటే ఉండాల్సినదానికన్నా తక్కువ, పీ0507 అంటే ఎక్కువ. పీ0171 కూడా కనిపిస్తే ఎక్కడో ఎయిర్ లీక్ ఉందేమో వెతకాలి. పగిలిన వాక్యూమ్ పైపు, వదులైన క్లిప్, పాడైన గాస్కెట్ దగ్గర 'స్‌స్' మని చప్పుడు వినిపించవచ్చు. వినిపించకపోతే వర్క్‌షాప్‌లో పొగ పరీక్ష ఉంది. వేడి ఇంజన్‌పై స్ప్రే కొట్టి లీక్ వెతకడం మెకానిక్‌లకు అలవాటే గానీ, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

ఐడ్లింగ్ పడిపోతుంటే ఎక్కువసార్లు కారణం మసి. థ్రాటిల్‌లోని గుండ్రటి రేకు అంచున అది పేరుకుంటే గాలి దారి ఇరుకవుతుంది. ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్‌నూ మామూలుకన్నా ముందే మార్చాలి. మసి తుడిచేటప్పుడు ఇగ్నిషన్ ఆపాలి. క్లీనర్‌ను గుడ్డపై వేసి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే రేకును వేలితో బలంగా తోయకూడదు, లోపలి గేర్లు దెబ్బతింటాయి.

శుభ్రం చేశాక ఆర్‌పీఎం ఒక్కసారిగా పెరిగితే కంగారుపడనక్కర్లేదు. మసి ఉన్నప్పటి లెక్కలే ఈసీయూలో ఉండిపోయాయి. కొన్ని కార్లు నడుస్తూనే కొత్త లెక్క నేర్చుకుంటాయి. కొన్నింటికి స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ చేయించాలి. ఆ పద్ధతి కంపెనీకో తీరు, సర్వీసు మాన్యువల్లో ఉంటుంది.