మొబైల్ హెచ్.ఎఫ్. హామ్ రేడియో

కారు, జీపు వంటి వాహనంలో అమర్చుకొని, 3 నుండి 30 మెగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యాల మధ్య ఔత్సాహికులకు కేటాయించిన బ్యాండ్లలో ప్రసారం, శ్రవణం రెండూ జరిపే హామ్ రేడియో కేంద్రాన్ని మొబైల్ హెచ్.ఎఫ్. కేంద్రం అంటారు. ఇక్కడ మొబైల్ అన్న మాటకు సెల్‌ఫోనుతో సంబంధం లేదు; కదిలే వాహనం అని అర్థం. వి.హెచ్.ఎఫ్. సెట్లతో దూరప్రాంతాలకు మాట్లాడాలంటే సాధారణంగా మధ్యలో కొండ మీదనో, ఎత్తైన భవనం మీదనో ఒక రిపీటరు ఉండాలి. హెచ్.ఎఫ్. తరంగాలకు ఆ అవసరం లేదు. అవి భూమికి పైన ఉన్న ఐనో ఆవరణం నుండి వంగి తిరిగి నేలకు చేరతాయి. కనుక హైదరాబాదులో ఆగి ఉన్న కారు నుండి విశాఖపట్నంతో, అనుకూల సమయంలో ఐరోపాతో కూడా, మధ్యలో ఏ టవరూ లేకుండా మాట్లాడవచ్చు.

ఇటువంటి సెట్లు చాలా వరకు 100 వాట్ల శక్తి గలవి. అయితే ఆ 100 వాట్లలో ఎన్ని వాట్లు నిజంగా ఆకాశంలోకి పోతాయన్నది సెట్టు మీద కాక, దాని చుట్టూ ఉన్న తీగల మీద, ఆంటెన్నా మీద, కారు బాడీ మీద ఆధారపడి ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ వద్ద 10 వాట్లు బయటికి పోతే మంచి అమరికే అని చెప్పాలి.

ట్రాన్స్‌సీవర్

ప్రసారిణి, గ్రాహకం ఒకే పెట్టెలో ఉన్న పరికరాన్ని ట్రాన్స్‌సీవర్ అంటారు. 1995లో వచ్చిన ఐకామ్ ఐసీ-706 వాహనాలకు తగిన చిన్న సెట్లలో పేరు పొందినది. దాని ముఖభాగాన్ని విడదీసి డాష్‌బోర్డు దగ్గర ఉంచి, అసలు పెట్టెను సీటు కింద పెట్టుకొనే వీలుండేది. ఆ తరువాత వచ్చిన యేసు ఎఫ్‌టీ-857, కెన్‌వుడ్ టీఎస్-480, ఐకామ్ ఐసీ-7100, యేసు ఎఫ్‌టీ-891 సెట్లు కూడా ఇదే పద్ధతిని అనుసరించాయి. పెట్టెను ఎక్కడ పెట్టినా దాని ఫ్యానుకు గాలి ఆడాలి. మన ఎండాకాలంలో తలుపులు మూసి ఉన్న కారు లోపలి వేడికి తోడు, ప్రసారంలో వృథా అయ్యే శక్తి కూడా వేడిగానే బయటికి వస్తుందని మరువరాదు.

భారతదేశంలో హామ్ రేడియో ప్రసారానికి కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖ వారి లైసెన్సు ఉండాలి. వాహనం నుండి ప్రసారానికి వర్తించే నిబంధనలను, తమ గ్రేడుకు అనుమతించిన శక్తిని లైసెన్సులో చూసుకొన్న తరువాతే సెట్టు కొనడం మంచిది.

విద్యుత్ సరఫరా

సెట్టుకు 13.8 వోల్టుల డి.సి. కావాలి. పూర్తి శక్తితో ప్రసారం చేసేటప్పుడు ఇది 20 ఆంపియర్లకు పైగా విద్యుత్తును తీసుకుంటుంది. సిగరెట్ లైటర్ సాకెట్టు తీగలు, ఫ్యూజు ఇంత ప్రవాహాన్ని భరించలేవు. అందుచేత బ్యాటరీ నుండి విడిగా తీగలు లాగడం తప్పనిసరి.

ఈ తీగల మందం విషయంలో పదవ తరగతి భౌతికశాస్త్రంలోని ఓమ్ నియమం చాలు. బ్యాటరీ నుండి సెట్టుకు 4 మీటర్ల దూరం ఉంటే, ప్రవాహం వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి తీగ పొడవు 8 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే 20 ఆంపియర్ల వద్ద సుమారు 1.1 వోల్టు తీగలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఈ నష్టం అర వోల్టు లోపే. చాలా సెట్లు 11.7 వోల్టుల కంటే తక్కువలో సరిగా పనిచేయవు. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజి భారం మీద 12.2 దాకా దిగుతుంది. దాంట్లో 1.1 తీసివేస్తే మిగిలేది 11.1 మాత్రమే. మాట గట్టిగా అన్నప్పుడల్లా సెట్టు ఆగిపోవడానికి, అవతలివారికి గొంతు జీరగా వినిపించడానికి తరచుగా ఇదే కారణం. ఇది సెట్టు లోపమని భావించి మరమ్మత్తుకు ఇచ్చేవారూ ఉన్నారు.

ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. అది సెట్టును కాపాడడానికి కాదు. తీగ ఎక్కడైనా ఒరుసుకొని బాడీకి తగిలితే కారు తగలబడకుండా కాపాడడానికి. కొత్త కార్లు చాలావాటిలో బ్యాటరీ రుణ ధ్రువం మీద ప్రవాహాన్ని కొలిచే సెన్సరు ఉంటుంది. అటువంటి కార్లలో సెట్టు రుణ తీగను ధ్రువానికి నేరుగా బిగించక, బ్యాటరీ తీగ కారు బాడీకి కలిసే చోట బిగించాలి. లేనిచో సెట్టు తీసుకున్న ప్రవాహం కారు లెక్కలోకి రాదు. ఇంజను గదికీ లోపలికీ మధ్య ఉన్న ఇనుప గోడ గుండా తీగను తెచ్చేటప్పుడు రబ్బరు తొడుగు వేయడం మానరాదు.

ఆంటెన్నా

మొబైల్ హెచ్.ఎఫ్. కేంద్రంలో అన్నిటికంటె కష్టమైనది, మంచి చెడులను నిర్ణయించేది ఆంటెన్నాయే. 7.1 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 42 మీటర్లు. అందులో నాలుగో వంతు, అనగా 10.5 మీటర్ల నిలువు కడ్డీ ఉంటే అది సహజంగా అనునాదం చెందుతుంది. మూడంతస్తుల మేడంత ఎత్తు కడ్డీని కారు మీద నిలబెట్టలేము కనుక, 2.4 మీటర్ల విప్ కడ్డీని పెట్టి, లోటును ఒక తీగచుట్టతో పూరిస్తారు. కడ్డీ కెపాసిటెన్సును చుట్ట ఇండక్టెన్సు రద్దు చేయడంతో అనునాదం కుదురుతుంది. కాని పొడవు తగ్గినందుకు చెల్లించవలసిన మూల్యం వేరే ఉంది.

ఆంటెన్నా శక్తిని తరంగంగా మార్చే సామర్థ్యాన్ని వికిరణ నిరోధంగా లెక్కిస్తారు. పొడవును తరంగదైర్ఘ్యంతో భాగించగా వచ్చిన సంఖ్య వర్గాన్ని బట్టి ఇది మారుతుంది. 2.4 మీటర్ల కడ్డీకి, చుట్ట అడుగున ఉంటే, 7.1 మెగాహెర్ట్జ్ వద్ద ఇది సుమారు 1.3 ఓమ్‌లు మాత్రమే. మంచి చుట్టకు కూడా 4 ఓమ్‌ల దాకా నష్ట నిరోధం ఉంటుంది. కారు బాడీ, దాని కింది నేల కలిసి మరో 8 ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 13 ఓమ్‌లకు పైగా. ఇందులో పనికివచ్చేది 1.3 మాత్రమే కనుక, 100 వాట్లలో 10 వాట్లే ఆకాశానికి, మిగిలిన 90 వాట్లు చుట్టకూ నేలకూ వేడిగా పోతాయి. ఇదే లెక్క 3.6 మెగాహెర్ట్జ్‌కు వేస్తే 2 శాతం కూడా దక్కదు. 14 మెగాహెర్ట్జ్‌కు వేస్తే మూడో వంతుకు పైగా దక్కుతుంది. 28 మెగాహెర్ట్జ్ వద్ద నాలుగో వంతు తరంగదైర్ఘ్యం రెండున్నర మీటర్లే కాబట్టి అసలు చుట్టతో పని లేదు.

ఈ లెక్కను బట్టి చేయవలసిన పనులు తెలుస్తాయి. కడ్డీ వీలైనంత పొడవు ఉండాలి. చుట్ట సన్నని తీగతో కాక, మందమైన తీగతో పెద్ద వ్యాసంతో ఉండాలి. చుట్టను అడుగున కాక నడుమ పెడితే వికిరణ నిరోధం దాదాపు రెట్టింపు కావచ్చు, కాని అప్పుడు ఇంకా పెద్ద చుట్ట కావాలి. దాని బరువు, గాలి తాకిడి బిగింపు మీద పడతాయి. ఆంటెన్నా అడుగు భాగం బంపరు కింద దాగి ఉండక, బాడీ కంటె ఎత్తులో తేరుకొని ఉండాలి.

ఒక్కొక్క బ్యాండుకు ఒక్కొక్క కడ్డీ మార్చుకొనేవి చవక. బండి ఆపకుండా బ్యాండు మార్చాలనుకొనేవారికి స్క్రూడ్రైవర్ ఆంటెన్నా అనువైనది. అమెరికాకు చెందిన హామ్ డాన్ జాన్సన్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. బ్యాటరీ స్క్రూడ్రైవరులోని చిన్న మోటారుతో చుట్టను పైకీ కిందికీ జరిపి అనునాదం కుదర్చడం దీని కిటుకు. పేరు అందువల్లనే వచ్చింది.

కారు బాడీ

విప్ కడ్డీ సగం ఆంటెన్నా మాత్రమే. రెండో సగం కారు. కారు బాడీ ఒకే లోహపు ముక్కలా కనిపించినా, బానెట్, డిక్కీ మూత, తలుపులు కీళ్ళ మీద వేలాడుతుంటాయి. కీళ్ళలో గ్రీజు, రంగు ఉంటాయి. సైలెన్సర్ గొట్టం రబ్బరు పట్టీల మీద ఉంటుంది. వీటన్నిటినీ వెడల్పాటి రాగి అల్లిక పట్టీలతో బాడీకి కలపాలి. కలిపే చోట రంగు గీకి, లోహం మెరిసే దాకా శుభ్రం చేసి, బిగించిన తరువాత తుప్పు పట్టకుండా గ్రీజు పూయాలి. సముద్ర తీరంలోని ఊళ్ళలో ఏడాదికొకసారైనా వీటిని విప్పి చూడడం అవసరం. అయస్కాంతపు బిగింపులు వి.హెచ్.ఎఫ్.కు బాగుంటాయి గాని, హెచ్.ఎఫ్.లో అవి బాడీతో కెపాసిటరుగా మాత్రమే కలుస్తాయి కనుక నష్టం పెరుగుతుంది. కారుకు రంధ్రం పెట్టడానికి మనసొప్పనివారు డిక్కీ అంచుకు స్క్రూలతో బిగించే క్లాంపు వాడవచ్చు.

ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు చెప్పని సంగతి

మీటరు 1:1 చూపితే అంతా బాగున్నట్లే అన్న నమ్మకం చాలామందిలో ఉంది. మొబైల్ ఆంటెన్నాకు ఇది చెల్లదు. పైన చెప్పిన మంచి ఆంటెన్నా అడుగున 13 ఓమ్‌లే ఉన్నాయి. 50 ఓమ్‌ల కేబులుతో నేరుగా కలిపితే మీటరు దాదాపు 4:1 చూపుతుంది. అదే బాడీ కలయికలు వదులై నష్టం 8 ఓమ్‌ల నుండి 45 ఓమ్‌లకు పెరిగిందనుకోండి, మొత్తం 50 అవుతుంది, మీటరు చక్కగా 1:1 చూపుతుంది. బయటికి పోయేది మాత్రం 3 వాట్ల లోపే. కాబట్టి ఏ సర్దుబాటూ లేకుండానే 7 మెగాహెర్ట్జ్‌పై 1:1 వస్తే సంతోషించక, నష్టం ఎక్కడుందో వెదకాలి. మంచి ఆంటెన్నాకు అడుగున చిన్న చుట్టను గాని, చిన్న ట్రాన్స్‌ఫార్మరును గాని కలిపి 50 ఓమ్‌లకు తెస్తారు. సెట్టు లోపలి ఆటోమేటిక్ ట్యూనరు మీటరును తృప్తిపరుస్తుందే గాని, పోయిన శక్తిని వెనక్కు తేలేదు.

రొద

అవతలి కేంద్రాలు మన మాట వింటున్నా, మనకు వారి మాట వినబడకపోవడం మొబైల్ కేంద్రాలలో మామూలే. కారణం కారులోని రొద. ఇంజను వేగంతో పాటు ఈలలా స్థాయి మారితే ఆల్టర్నేటరు. టకటకమని వేగంతో పాటు పెరిగితే ఇగ్నిషన్. తాళం తిప్పగానే మొదలై ఇంజను వేగంతో మారకుండా ఉంటే పెట్రోలు పంపు మోటారు అని అనుమానించవచ్చు. కారులోని ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూస్తే దోషి దొరుకుతుంది; ఎయిర్‌బ్యాగు ఫ్యూజు జోలికి మాత్రం పోరాదు. రొద పుట్టే చోటనే తీగలకు ఫెర్రైటు కడియాలు తొడగాలి, హెచ్.ఎఫ్.కు 31 రకం ఫెర్రైటు తగినది. తీగను కడియం గుండా ఒకసారి దూర్చితే చాలదు, నాలుగైదు చుట్లు తిప్పాలి. ఆంటెన్నా కేబులుకు కూడా, అది కారు లోపలికి వచ్చే చోట ఇలాగే చేయాలి. విద్యుత్ కార్లలో ఇన్వర్టరు రొదను అదుపు చేయడం చాలా కష్టం. వాటిని ఆపి ఉంచి వాడడమే చాలాసార్లు మార్గం.

ప్రసారం జరిపే పద్ధతి

మాటకు సింగిల్ సైడ్‌బ్యాండ్ వాడతారు. 10 మెగాహెర్ట్జ్ లోపల దిగువ సైడ్‌బ్యాండ్, పైన ఎగువ సైడ్‌బ్యాండ్ ఆనవాయితీ. పగటివేళ కొన్ని వందల కిలోమీటర్లకు, అనగా తెలుగు నేల అంతటికీ 7 మెగాహెర్ట్జ్ తగినది. చీకటి పడ్డాక అదే బ్యాండు దూరదేశాలకు తెరుచుకొని, దగ్గరి ఊళ్ళకు మూసుకోవచ్చు. 14 మెగాహెర్ట్జ్‌పై ఢిల్లీ స్పష్టంగా వినిపిస్తూ, పక్క జిల్లా వినిపించకపోతే అది సెట్టు దోషం కాదు. తరంగం ఆ జిల్లా మీదుగా దూకిపోయింది. బండి ఆపి, విప్ కొనను వంచి అడ్డంగా తాడుతో కడితే శక్తిలో కొంత నిట్టనిలువుగా పైకి పోయి, దగ్గరి ఊళ్ళకు దిగుతుంది.

ముందుగా కొంతసేపు వినాలి. కాల్ సైన్ చివర మొబైల్ అని చేర్చి పిలిస్తే, ఇతర హామ్‌లు బలహీన సంకేతానికి సాధారణంగా చోటిస్తారు. సొంతంగా సీక్యూ పిలవడం కంటె, గట్టిగా వినిపిస్తున్న కేంద్రానికి జవాబివ్వడం ఎక్కువ ఫలిస్తుంది.

భద్రత

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ బండి నడుపుతూ చేతిలో సమాచార పరికరం వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగా లెక్కిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, స్టీరింగు, మైకు, డయలు మూడింటికి రెండు చేతులు చాలవు. పక్కన మరొకరు కూర్చొని ఆపరేట్ చేయాలి, లేదా రోడ్డు పక్కన ఆపి మాట్లాడాలి. ప్రసార సమయంలో విప్ మీద రెండు వేల వోల్టులు దాటి ఉండవచ్చు. పిల్లలు బండి దగ్గర ఉన్నప్పుడు మైకు నొక్కరాదు. విద్యుదీకరించిన రైలు మార్గాలపై తీగలో 25,000 వోల్టులుంటాయి కనుక, పొడవైన విప్ ఉన్న బండితో లెవెల్ క్రాసింగు దాటేముందు దిగి కడ్డీని వంచడమే క్షేమం. ముఖభాగాన్ని, మైకును ఎయిర్‌బ్యాగు తెరుచుకొనే దారిలో బిగించరాదు.

విపత్తుల సమయంలో

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం భారతి ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు. ఆ బృందం వేరే కార్యక్రమం కోసం పెట్టుకొన్న హెచ్.ఎఫ్. కేంద్రం సునామీ తరువాత ద్వీపాల నుండి ప్రధాన భూభాగానికి వార్తలు చేరవేసింది. అది వాహనంలోని కేంద్రం కాదు, కాని టెలిఫోన్లు పోయినప్పుడు హెచ్.ఎఫ్. ఎందుకు పనికివస్తుందో అందరికీ తెలిపింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖపట్నంలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇటువంటప్పుడు మొబైల్ కేంద్రానికి ఒక సౌలభ్యం ఉంది. సొంత బ్యాటరీ, దాన్ని నింపే ఇంజను వెంటనే ఉంటాయి, రోడ్డున్నంత దూరం పోగలదు. మన దేశం ఉన్న మూడవ ప్రాంతంలో అత్యవసర సంభాషణకు 3.600, 7.110, 14.300, 18.160, 21.360 మెగాహెర్ట్జ్‌లను కేంద్రాలుగా పాటిస్తారు. ఆ దరిదాపుల్లో మొదట వినడం పద్ధతి.

ఇంజను ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగానికి మించి వాడితే బండి మళ్ళీ స్టార్టు కాకపోవచ్చు. వినడానికి 1.5 ఆంపియర్లు, ప్రసారంలో సగటున 10 ఆంపియర్లు అనుకొని, పది నిమిషాలకు ఒక నిమిషం మాట్లాడితే సుమారు 9 గంటలు వస్తుంది. అదే పది నిమిషాల్లో ఐదు నిమిషాలు మాట్లాడితే 4 గంటలు కూడా రాదు.