బ్రిడ్జి
ములుగు దగ్గర లక్నవరం చెరువులో దీవికి తీసుకెళ్లే వేలాడే వంతెన బ్రిడ్జే. సర్వర్ గదిలో కనిపించనిదీ బ్రిడ్జే. సంస్కృతంలో సేతువు అన్న మాట 'సి' ధాతువు నుంచి వచ్చింది. కట్టడం, బంధించడం అని అర్థం. లినక్స్ బ్రిడ్జికి నాకు ఈ పాత అర్థమే బాగా నప్పినట్టు అనిపిస్తుంది: నెట్‌వర్క్ కార్డునీ వర్చువల్ మెషీన్లనీ అది ఒక్క నెట్‌వర్క్‌గా కట్టేస్తుంది.

కార్డును బ్రిడ్జిలో చేర్చగానే సర్వర్ అందకుండా పోయిందా? ముందు ఐపీ అడ్రస్ ఎక్కడుందో చూడండి. అది కార్డు మీద కాదు, బ్రిడ్జి మీద ఉండాలి. డీఫాల్ట్ గేట్‌వే కూడా అంతే. అడ్రస్ సరిగానే ఉంటే 'బ్రిడ్జ్ లింక్' కమాండ్ ఇచ్చి, పోర్టు 'ఫార్వార్డింగ్'కు వచ్చిందేమో చూడాలి. స్పానింగ్ ట్రీ ఆన్ చేసి ఉంటే, మామూలు సెట్టింగుల్లో వినడానికి 15, నేర్చుకోవడానికి 15, మొత్తం 30 సెకన్లు ఓపిక పట్టాలి. రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన ఆ పద్ధతి లేకపోతే, తీగలు చుట్టుతిరిగి కలిసినచోట ఒకే బ్రాడ్‌కాస్ట్ అంతూపొంతూ లేకుండా తిరుగుతూ నెట్‌వర్క్‌నంతా ముంచేస్తుంది.