రెండిళ్ళూ ఓడిన ఎండాకాలం

మన సంఘం రజతోత్సవ సంచికకు వ్యాసం కావాలని కమిటీ పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ మనసులో ఉన్న సంగతి వేరు. 2025 జూన్ 3న అహ్మదాబాదులో బెంగళూరు జట్టు పంజాబును 6 పరుగులతో ఓడించి, ఐపీఎల్ పద్దెనిమిదో సీజన్లో కప్పు ఎత్తింది కదా, దాని మీద రాయమన్నారు. కప్పు మీద రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, నేను 2008 రాస్తానన్నాను.

"ఆ ఏడు మనం ఏడో స్థానం గదా సార్" అన్నాడు ఒకడు.

ఏడో స్థానమే. ఎనిమిది జట్లలో ఏడు. ఆ ఎనిమిదోది కూడా మనదే. అందుకే రాస్తానన్నాను.

బాగేపల్లి వాళ్ళకు ఈ 'మన' అన్న మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. సంచిక బయటి ఊళ్ళకూ పోతుంది గనుక చెప్తాను. మనకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. టాకీసులో తెలుగు, తాలూకాఫీసులో కన్నడం. పిల్లనిచ్చేది కదిరికి, తెచ్చుకునేది హిందూపురం నుంచి, ఉద్యోగానికి పోయేది బెంగళూరుకు. ఊరి పక్కన పోయే రోడ్డు ఒక కొస హైదరాబాదు, ఇంకో కొస బెంగళూరు. బెంగళూరు వంద కిలోమీటర్లు, హైదరాబాదు దానికి నాలుగింతల పైమాటే. కోలారు నుంచి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేసింది 2007లో. కొత్త జిల్లా వచ్చిన మరుసటేడే కొత్త లీగు వచ్చింది. జనవరి 24న వేలంలో బెంగళూరు జట్టు 11.16 కోట్ల డాలర్లకు, హైదరాబాదు జట్టు 10.7 కోట్ల డాలర్లకు పోయాయని పేపర్లో చదివి, సంఘం గది ముందర అరుగు మీద కూర్చున్న మాకు మొదట పుట్టిన ప్రశ్న: మనమెటు?

సంఘానికి అప్పటికి ఎనిమిదేళ్ళు. పుట్టింది ఎండిన చెరువులో టెన్నిస్ బాలు ఆడుకోవడానికి. 2007లో చందాలేసుకుని ఒక టీవీ కొన్నాం. ఆ సెప్టెంబరులో జోహాన్నెస్‌బర్గు వాండరర్స్ మైదానంలో మనవాళ్ళు పాకిస్తానును 5 పరుగులతో ఓడించి టీ20 ప్రపంచకప్పు తెచ్చింది అందులోనే చూశాం. టీవీతో పాటు ఒక స్కోరు పుస్తకం కొన్నాం. టీవీలో చూసే ఆటకు స్కోరు పుస్తకం దేనికని నవ్వినవాళ్ళున్నారు. కానీ మాలో ఒక కుర్రాడికి అది లేకపోతే కుదిరేది కాదు. వాళ్ళ నాన్న చింతామణి టమోటా మండీలో లెక్కలు రాసేవాడు. ఆ చేతిరాత వీడికి వచ్చింది. పెన్సిలు సన్నగా చెక్కుకుని, తెర ముందు బాసింపట్లేసుకుని కూర్చుని, బంతి బంతికీ చుక్క పెట్టేవాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం. చిన్నస్వామి స్టేడియంలో లీగుకే మొదటి ఆట. టాసు గెలిచిన ద్రావిడ్ కోల్‌కతాను ముందు బ్యాటింగుకు దింపాడు. మెకల్లమ్ 73 బంతుల్లో 158, అవుట్ కాలేదు. 13 సిక్సర్లు. మన కుర్రాడు పెన్సిలు రెండుసార్లు చెక్కాడు. స్కోరు 222. తర్వాత మనవాళ్ళు దిగారు. ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. ద్రావిడ్ నుంచి జోషి దాకా వరసగా ఇలా ఉంది: 2, 6, 1, 8, 6, 7, 0, 9, 18, 3, 3. ఎవరిదో ఫోను నంబరు రాసుకున్నట్టుంటుంది. ఆ 18 తొమ్మిదో నంబరులో దిగిన ప్రవీణ్ కుమార్‌ది. కోల్‌కతా వాళ్ళు దయతలిచి ఇచ్చిన ఎక్స్‌ట్రాలు 19. అంటే జట్టులో అందరికంటే ఎక్కువ కొట్టింది ఎక్స్‌ట్రాలే. మొత్తం 82, పదిహేను ఓవర్ల ఒక బంతిలో. 140 పరుగుల ఓటమి. ఆ వరసలో మూడో అంకె 1 ఉంది చూశారా, అది అప్పుడే అండర్-19 ప్రపంచకప్పు గెలిపించి వచ్చిన 19 ఏళ్ళ కోహ్లీది. ఆ రాత్రి వాడి మీద ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ పట్టనూలేదు.

పక్కన హోటలు నడిపే మామ మాత్రం అరుగు మీద కూర్చుని టీ చప్పరిస్తూ, "ఏమప్పా, మీ ద్రావిడు టెస్టు మ్యాచి అనుకున్నాడేమో, ఎవురన్నా చెప్పకూడదా?" అన్నాడు. మామది హైదరాబాదు పక్షం. అత్తగారిల్లు కదిరి. "మన మాట మాట్లాడేటోళ్ళు గెలవాల గదప్పా" అనేది ఆయన వాదం.

"ఆడ తెలుగు మాట్లాడేదెవురు మామా, గిల్‌క్రిస్టా?"

"లక్ష్మణ్ లేడా? వేణుగోపాలరావు లేడా?"

"ఈడ ద్రావిడ్, కుంబ్లే, జోషి. మనకు రేషను కార్డిచ్చిన రాష్ట్రం మామా."

ఈ వాదన ఆ ఎండాకాలమంతా నడిచింది. తమాషా ఏమిటంటే, ఆ రెండు జట్ల నాయకులు ద్రావిడ్, లక్ష్మణ్‌ల మధ్య వాదనే లేదు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఐదో వికెట్టుకు 376 పరుగులు జోడించింది ఆ ఇద్దరే. ఒక రోజు పొద్దున దిగి, పొద్దుగూకేదాకా వికెట్టు పడనివ్వలేదు. ఏడేళ్ళు తిరిగేసరికి ఒకరు ఏడో జట్టుకు, ఒకరు ఎనిమిదో జట్టుకు కెప్టెన్లు. అలాంటి ఆట ఆడినవాళ్ళకు ఇరవై ఓవర్ల ఆటలో చోటెక్కడ అని పేపర్లు రాశాయి.

ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ముసలి జట్టు, టెస్టు జట్టు అని వెక్కిరించారు. ఆ ఏడు కప్పు ఎత్తిన రాజస్థాన్ అన్నిటికంటే చవగ్గా, 6.7 కోట్ల డాలర్లకు పోయిన జట్టు. దాని నాయకుడు షేన్ వార్న్‌కు 38 ఏళ్ళు. వయసులో లేదు తప్పు. ద్రావిడ్, జాఫర్, కాలిస్, చందర్‌పాల్: అందరూ ఇల్లు కాపలా కాసేవాళ్ళే, బయటికి పోయి దోచుకొచ్చేవాడు లేడు. పైగా ఆ సీజన్లో జట్టులో అందరికంటే ఎక్కువ పరుగులు తీసింది ద్రావిడే, 371. నింద మాత్రం ఆయన నెత్తినే పడింది. యజమాని విజయ్ మాల్యా ఎంపిక బాగాలేదని ద్రావిడ్‌ను, సీఈఓ చారు శర్మను బహిరంగంగానే తప్పుపట్టాడు. సీజను సగంలో ఉండగానే చారు శర్మ పోయి బ్రిజేష్ పటేల్ వచ్చాడు. కోచ్ ఎవరనుకుంటున్నారు? వెంకటేశ్ ప్రసాద్. 1996 క్వార్టర్ ఫైనల్లో, అదే చిన్నస్వామిలో, ఆమిర్ సొహైల్ వికెట్టు ఎగరగొట్టిన ప్రసాద్. ఆ గడ్డ మీద ఆయనకంటే పేరున్నవాడు ఇంకెవరు? అయినా ఏం లాభం.

హైదరాబాదు కథ ఇంకా ఘోరం. 13.5 లక్షల డాలర్ల సైమండ్స్, గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది, వాస్, కుర్ర రోహిత్ శర్మ. కాగితం మీద చూస్తే పెళ్ళి విందు. లక్ష్మణ్ తనకు రావలసిన ఐకాన్ హోదా, దాంతో వచ్చే డబ్బు వదులుకుని మరీ జట్టు కొనుక్కోనిచ్చాడు. మధ్యలో గాయపడి తప్పుకుంటే గిల్‌క్రిస్ట్ పగ్గాలు పట్టాడు. 14 ఆటల్లో గెలిచింది రెండు. ఒకటి ముంబయిలో, గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో నూరు కొట్టినప్పుడు. రెండోది చెన్నైలో. ఉప్పల్‌లో ఆడిన ఏడూ ఓటమే. సైమండ్స్ అక్కడ 117 కొట్టి అవుట్ కాకుండా నిలబడితే, ఆ రోజు కూడా రాజస్థానే గెలిచింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత మామ నోట అప్పుడప్పుడూ వింటూండేవాళ్ళం. ఆ నెలంతా ఆయన దాన్ని పలకలేదు.

ఇంటి సంగతి వచ్చింది గనుక మన ఇంటి లెక్కా చెప్పాలి. చిన్నస్వామి మామూలు ఇల్లు కాదు. 1974 నవంబరులో మొదటి టెస్టుకే వెస్టిండీస్ వచ్చింది. గ్రీనిడ్జ్, రిచర్డ్స్ ఇద్దరూ టెస్టు ఆటలోకి అడుగుపెట్టింది అక్కడే. అదే ఏడు మొదట్లో మన రాష్ట్రం మొదటిసారి రంజీ ట్రోఫీ గెలిచి, పదిహేనేళ్ళుగా దాన్ని వదలని బొంబాయి పట్టు విడిపించింది. అంత పేరున్న ఇంట్లో 2008లో ఏడు ఆటలు ఆడి గెలిచింది ఒక్కటి. మే 3న. ఎవరి మీద? హైదరాబాదు మీద.

ఆ ఒక్క ఆటకే మేం ఐదుగురం పోయాం, మామతో సహా. పోయిన ఐదుగురిలో ఆయనొక్కడే అవతలి పక్షం. మెజెస్టిక్‌లో దిగి నడుచుకుంటూ పోయాం. గేటు దగ్గర ఎర్ర జెండా ఒకటి ఎవరో చేతిలో పెడితే మామ దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు, పారేయడానికి మనసొప్పక. చివరిదాకా తేలలేదు. ఇటు గెలిచింది 3 పరుగులతో. చుట్టూ జనం లేచి అరుస్తుంటే మామ కూర్చునే ఉన్నాడు. మాకూ లేవబుద్ధి కాలేదు. కాసేపటికి ఆయనే, "లేవండ్రా, గెల్చినోళ్ళు కూర్చుంటే ఏం బాగుంటాది" అని ఆ మడిచిన జెండా తీసి ఇచ్చాడు. తిరుగు బస్సులో చిక్కబళ్ళాపురం దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు.

మే 25న రెండో ఆట, ఉప్పల్‌లో. ఆ రోజే విధానసభ ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఒక్కటే టీవీ. పెద్దవాళ్ళు వార్తలు పెట్టమంటారు, పిల్లలు ఆట పెట్టమంటారు. రిమోటు అటు నాలుగు చేతులు, ఇటు నాలుగు చేతులు మారి, ఆఖరికి ఓవరు అయిన తర్వాత వార్తలు అని తీర్మానం చేశాం. మన సంఘం మినిట్సు పుస్తకంలో లేకపోయినా, నాకు తెలిసి ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదొక్కటే. స్కోరు పుస్తకంలో ఆ రోజు పేజీ గళ్ళు గళ్ళుగా ఉంటుంది. వార్తలు సాగిన చోట పిల్లవాడు పెన్సిలుతో 'చూడలేదు' అని రాసి పెట్టాడు. అయినా ఫలితం తెలిసింది: ఐదు వికెట్లతో బెంగళూరు.

సీజను ముగిసింది. బెంగళూరు గెలిచినవి నాలుగు, పాయింట్లు 8. హైదరాబాదువి రెండు, పాయింట్లు 4. బెంగళూరు గెలిచిన నాలుగింటిలో రెండు హైదరాబాదు మీదే. ఈ లెక్క అరుగు మీద చెప్పింది మామే. "మీరు తిన్న నాలుగు ముద్దల్లో రెండు మా ఆకులోవి గదప్పా" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతి ఏడాది కథ అందరికీ తెలుసు గానీ ఒకటి రెండు మాటలు చెప్పకుండా దాటలేను. లోక్‌సభ ఎన్నికల వల్ల లీగు దక్షిణాఫ్రికాకు పోయింది. అట్టడుగున ఉన్న రెండు జట్లూ లేచి, 2009 మే 24న ఫైనల్లో ఎదురుబొదురు నిలబడ్డాయి. మైదానం అదే వాండరర్స్. గది రెండు వరసలైంది, మధ్యలో నడవ. మొదటి ఓవర్లోనే కుంబ్లే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు బౌల్డ్ చేశాడు. మా వరస లేచింది. ఆ రోజు కుంబ్లేకు 16 పరుగులకు 4 వికెట్లు. గిబ్స్ 53తో నిలబడి స్కోరును 143కు లాగాడు. మనవాళ్ళు 137 దగ్గర ఆగారు. ఆరు పరుగులు. ఓడిన జట్టు కుంబ్లేకే ఆ ఆటలో మేటి బహుమతి ఇచ్చారు. మామ మరుసటి రోజు పొద్దున హోటల్లో బోండాలు అందరికీ ఊరికే పెట్టాడు, మాకు రెండేసి ఎక్కువ.

ఆ హైదరాబాదు జట్టు ఎక్కువ కాలం బతకలేదు. 2012లో బోర్డు దాన్ని రద్దు చేసింది. అదే ఊరికి సన్ టీవీ వాళ్ళ కొత్త జట్టు వచ్చింది. "ఇల్లమ్ముకున్నాంక గోడకు ఏ రంగేస్తే మనకేమప్పా" అన్నాడు మామ. 2016 మే 29న ఆ కొత్త జట్టే చిన్నస్వామిలో ఫైనల్ ఆడి, మన జట్టును మన ఇంట్లోనే 8 పరుగులతో ఓడించినప్పుడు కూడా ఆయన పెద్దగా సంతోషించలేదు. 2017లో ఈడెన్ గార్డెన్స్‌లో మనవాళ్ళు 49కి అందరూ అవుటైనప్పుడు మాత్రం లెక్కలు రాసే కుర్రాడి భుజం తట్టి, "పెన్సిలు మిగిలింది పో" అన్నాడు.

2025 జూన్ 3 రాత్రి గదిలో మామ లేడు. అప్పటికి మూడేళ్ళయింది ఆయన పోయి. గెలిచిన మరుసటి రోజు ఊళ్ళో ఊరేగింపుకు పలకలవాళ్ళకు బయానా కూడా ఇచ్చాం. సాయంత్రానికి చిన్నస్వామి ముందర తొక్కిసలాట, 11 మంది చనిపోయారన్న వార్త వచ్చింది. పలకలవాళ్ళను రావద్దన్నాం. బయానా వెనక్కు అడగలేదు.

సంచిక అట్ట మీద కప్పు గెలిచిన రోజు స్కోరు పేజీ వేద్దామని కమిటీ పిల్లల ఆశ. పుస్తకం దించి చూశాం. జూన్ 3కు పేజీ లేదు. ఆ రాత్రి అందరి చేతుల్లోనూ ఫోన్లే, ఎవరూ పెన్సిలు పట్టలేదు. అచ్చాఫీసాయన పేజీలన్నీ తిరగేసి, కొట్టివేతలు లేకుండా, అచ్చులో చక్కగా కనపడేలా ఉన్నది ఇదొక్కటే అని వేలు పెట్టి చూపించాడు. 2, 6, 1, 8, 6, 7, 0, 9, 18, 3, 3. అదే వేశాం.