ఒక్క అంశం మీద ఓటు

అమెరికా ఎన్నికల్లో మనవాళ్ళకి ఓ పట్టాన అర్థంకాని ఓటరొకడుంటాడు. పన్నులూ, ఉద్యోగాలూ అన్నీ పక్కనపెట్టి, అబార్షన్ గురించి అభ్యర్థి ఏమంటాడో చూసి ఓటేస్తాడు. ఎందుకంటే దేవుడి మాట అంటాడు. ఆ నమ్మకం బూటకమని నేననను. కానీ దానికీ రిపబ్లికన్ పార్టీకీ ముడి పడింది మొన్నమొన్ననే.

కాథలిక్ చర్చి అబార్షన్‌ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. అయినా 1960లో కాథలిక్కుల్లో ఎక్కువమంది ఓటేసింది డెమొక్రాట్ కెనడీకే. సదరన్ బాప్టిస్టులైతే, అత్యాచారం జరిగినా, తల్లి ఆరోగ్యం దెబ్బతినేలా ఉన్నా చట్టం అబార్షన్‌కి వీలివ్వాలని 1971లో తీర్మానమే చేశారు! 1967లో కాలిఫోర్నియాలో ఆ చట్టాన్ని సడలిస్తూ సంతకం పెట్టిన గవర్నరు రిపబ్లికన్ రీగన్. 1973లో రో కేసులో అబార్షన్ రాజ్యాంగ హక్కని తేల్చిన ఏడుగురు జడ్జీల్లో అయిదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవాళ్ళే.

ముడి పడింది ఆ తరవాతే. 1979లో పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి చర్చికెళ్ళే ఓటర్లని కూడగట్టాడు. 1980లో అదే రీగన్ అబార్షన్‌కి వ్యతిరేకినంటూ అధ్యక్షుడిగా గెలిచాడు. అక్కణ్ణుంచి చాలామందికి అధ్యక్షుడి ఎన్నికంటే సుప్రీంకోర్టు జడ్జీల ఎంపికే. 2022లో రో తీర్పు రద్దయింది.

తమాషా ఏంటంటే, 2024 నవంబరులో మిస్సోరీ ఓటర్లు ట్రంప్‌ని గెలిపించారు. అదే రోజు, అదే బాలెట్ మీద, అబార్షన్ హక్కునీ నెగ్గించారు. రెండు ప్రశ్నలూ విడివిడిగా అడిగితే కొంతమంది జవాబులూ విడివిడిగానే వచ్చాయన్నమాట.